పేజీ ఊడిందా? పోయిందా?

పాత చందమామలు, కామిక్స్ ధర తేల్చేది ఈ ఒక్క ప్రశ్నే. దాన్ని సరిగా అడగడం, జవాబును సరిగా రాయడం వస్తే లైబ్రరీల నుంచి రీఫర్బిష్డ్ ఫోన్ల గోదాముల దాకా చాలా చోట్ల పని దొరుకుతుంది.

నెక్కొండలోనో, నర్సంపేటలోనో, కేసముద్రంలోనో మీ తాతయ్య ఇంట్లో అటుక మీద ఒక ట్రంకు పెట్టె ఉందనుకుందాం. అందులో పాత చందమామలు, బాలమిత్రలు, రెండు మూడు అమర్ చిత్ర కథలు, అట్ట లేని ఒక ఇంద్రజాల్ కామిక్ ఉన్నాయి. ఇల్లు సున్నం వేయించేటప్పుడు అవన్నీ కిందికి దిగుతాయి. పాత పేపర్ల బండి ఆయన తక్కెడలో పెట్టి కిలోల లెక్కన తీసుకుపోతాడు. లేదంటే మీ తమ్ముడు ఫోన్‌లో చూసి "అన్నా, ఇవి లక్షలకు పోతయంట" అని ఊరంతా చెబుతాడు.

ఆ రెండు లెక్కలూ తప్పే. పాత పుస్తకం బరువును బట్టి ధర రాదు, వయసును బట్టి కూడా రాదు. అది ఏ సంచిక, ఎంతమందికి కావాలి, ఏ స్థితిలో ఉంది అనే మూడింటిని బట్టి వస్తుంది. మొదటి రెండూ మన చేతిలో లేవు. మూడోదాన్ని చూసి చెప్పడం మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. దీన్నే గ్రేడింగ్ అంటారు. ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు ఇది ఎందుకు అనిపిస్తే కాస్త ఓపిక పట్టండి. ముందు పుస్తకం సంగతి చూద్దాం, తర్వాత ఉద్యోగం సంగతి.

ఎనుమాముల నుంచి ఫ్లోరిడా దాకా

గ్రేడింగ్ మనకు కొత్తేమీ కాదు. పత్తి అమ్మిన ఇంట్లో పుట్టినవాళ్లకు బాగా తెలుసు. సీసీఐ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర. 8 నుంచి 12 శాతం మధ్య ఉంటే కోత. 12 దాటితే కొనరు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చిలో తాలు కాయను వేరు చేసి వేరే ధర కడతారు. బస్తాలో తాలు ఎంత కలిసిందో దాచి అమ్మితే తర్వాత గొడవే. రంగు, తేమ, తాలు అని ముందే అందరికీ ఒకే కొలత ఉంటే రైతుకూ వ్యాపారికీ మాట తేలిక.

కామిక్స్‌కూ ఇట్లాంటి కొలతే ఉంది. అమెరికాలో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ 1970లో కామిక్ పుస్తకాల ధరల గైడ్ తెచ్చాడు. స్థితిని ఏ మాటలతో వర్ణించాలో అది అలవాటు చేసింది. 2000లో సీజీసీ అనే సంస్థ మొదలైంది, ఇప్పుడు దాని కేంద్రం ఫ్లోరిడాలో ఉంది. అమ్మేవాడు, కొనేవాడు కాకుండా మూడో మనిషి పుస్తకాన్ని చూసి 0.5 నుంచి 10 దాకా అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపడం దాని పని.

ఈ స్కేలులో ఒక తమాషా ఉంది. 9.4 అంటే 'నియర్ మింట్'. 8.0 అంటే 'వెరీ ఫైన్'. 6.0 అంటే 'ఫైన్'. 4.0 అంటే 'వెరీ గుడ్'. 2.0 అంటే 'గుడ్'. పదిలో రెండు మార్కులు వచ్చినవాణ్ని 'గుడ్' అంటున్నారన్నమాట! ఇది తెలియక దెబ్బతినేవాళ్లు ఎక్కువ. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో 'గుడ్ కండిషన్' అని చూసి పాత ఇంద్రజాల్ కామిక్ ఒకటి తెప్పించుకున్నాను. వచ్చిన పుస్తకంలో నడిమి నాలుగు పేజీలు లేవు. అడిగితే "గుడ్ అనే కదండీ పెట్టాం, ఎక్సలెంట్ అనలేదు కదా" అన్నాడు అమ్మినాయన. నిజానికి ఆ స్కేలు ప్రకారం కూడా పేజీలు లేని పుస్తకం 'గుడ్' కాదు. అది 'పూర్', అంటే 0.5. ఒక్కోసారి గ్రేడ్ వేయడానికే పనికిరాదు.

అంకె కొంచెం మారితే డబ్బు ఎంత మారుతుందో చూడాలంటే సూపర్‌మ్యాన్ మొదటిసారి వచ్చిన 1938 నాటి 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికను చూడాలి. అప్పట్లో దాని ధర 10 సెంట్లు. 9.0 గ్రేడ్ ఉన్న ఒక ప్రతి 2014లో 32 లక్షల డాలర్లకు పైగా పలికింది. 8.5 గ్రేడ్ ఉన్న మరో ప్రతి 2024లో 60 లక్షల డాలర్లకు పోయింది. మీ ట్రంకు పెట్టెలో అంత లేదు, ఆ ఆశ ఇక్కడే వదిలేయండి. కానీ అంకె వేసే పద్ధతి మాత్రం అన్ని పుస్తకాలకూ ఒకటే.

ఊడడం వేరు, పోవడం వేరు

పాత పుస్తకం చేతికి రాగానే గ్రేడర్ మొదట అందం చూడడు. పేజీలు లెక్కపెడతాడు. ఎందుకంటే మడత, మరక, అంచు చిరుగు లాంటివన్నీ గ్రేడ్‌ను మెట్టు మెట్టుగా దించుతాయి. పేజీ లేకపోవడం ఒక్కదెబ్బతో అట్టడుగుకు తోసేస్తుంది.

మూడు పరిస్థితులను వేరు చేసి చూడండి.

వదులైంది: అట్ట గానీ పేజీ గానీ పిన్నుకు ఇంకా పట్టుకునే ఉంది, కానీ ఆడుతోంది. పిన్ను రంధ్రం పెద్దదైంది. పై స్థాయి గ్రేడ్ రాదు గానీ గౌరవంగానే బయటపడుతుంది.

ఊడింది: అట్ట ఒక పిన్ను దగ్గర ఊడి, రెండో పిన్నుకు వేలాడుతుంటే గ్రేడ్ మధ్య స్థాయికి దిగుతుంది. రెండు పిన్నుల దగ్గరా ఊడి విడిగా ఉంటే, మిగతాదంతా శుభ్రంగా ఉన్నా సాధారణంగా కింది స్థాయి గ్రేడే. నడిమి పేజీ ఊడినా దాదాపు ఇదే లెక్క. అయినా వస్తువు మొత్తం మన చేతిలోనే ఉంది. చదవొచ్చు, స్కాన్ చేయొచ్చు, నిపుణుడు కావాలంటే తిరిగి కూర్చగలడు.

పోయింది: పేజీ గానీ, అట్ట గానీ, పేజీలో కత్తిరించిన ముక్క గానీ అసలు లేదు. ఇక దాన్ని పుట్టించలేం. కథ ఉన్న పేజీ పోతే 0.5 లేదా 'అసంపూర్ణం' అనే మాట తప్పదు. కథకు సంబంధం లేని ప్రకటన కూపనో, వెనుక అట్టో పోతే కొంచెం మెరుగు, అంతే.

ఊడిన దాన్ని "పోయింది" అని రాస్తే మీరు నష్టపోతారు. పోయిన దాన్ని "కొంచెం లూజుగా ఉంది" అని రాస్తే కొన్నవాడు నష్టపోతాడు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఆన్‌లైన్‌లో వ్యాపారం చేసేవాళ్లు తాము ఇచ్చిన వివరణకు సరిపోలని వస్తువును వెనక్కి తీసుకోబోమని అనడానికి వీల్లేదు. కాబట్టి ఇది మర్యాదకు సంబంధించిన విషయమే కాదు, డబ్బుకూ సంబంధించినదే.

33 లెక్క

ఇంజినీరింగ్ వాళ్లకు నచ్చే భాగం ఇది. మధ్యలో పిన్ను కొట్టిన పుస్తకంలో పేజీలు విడివిడిగా ఉండవు. ఒక పెద్ద కాగితాన్ని సగానికి మడిస్తే నాలుగు పేజీలవుతాయి. అట్లాంటి కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మడత మీద పిన్ను కొడతారు. అందుకే లోపలి పేజీల సంఖ్య ఎప్పుడూ నాలుగుతో భాగించబడుతుంది.

అమర్ చిత్ర కథ లాంటి 32 పేజీల పుస్తకాన్ని తీసుకోండి. అట్టను పక్కన పెడితే అందులో 8 కాగితాలు. బయటి కాగితం మీద 1, 2, 31, 32 పేజీలుంటాయి. తర్వాతి దాని మీద 3, 4, 29, 30. అన్నిటికంటే లోపలి కాగితం మీద 15, 16, 17, 18. కాగితం ఒకే వైపు ఉన్న రెండు పేజీల అంకెలు కూడితే ఎప్పుడూ 33. అంటే మొత్తం పేజీలకు ఒకటి కలిపితే వచ్చే సంఖ్య. 64 పేజీల పుస్తకమైతే 65.

దీంతో ఏం లాభం? 3-4 పేజీలున్న ఆకు చినిగిపోయిందనుకోండి. దాని జోడీ అయిన 29-30 ఆకుకు పట్టు ఉండదు, వదులుగా జారుతుంది. అమ్మేవాడు దాన్ని లోపలికి తోసి "ఒక పేజీ లూజు" అంటాడు. మీరు 33 నుంచి 30 తీసేస్తే 3 వస్తుంది. మూడో పేజీ తెరిచి చూస్తారు. అది లేదు. 'లూజు' అన్నమాట వెనుక ఒక 'పోయింది' దాగి ఉందని రెండు సెకన్లలో తేలిపోయింది.

దీనికంటే మోసం చేసేది నడిమి కాగితం. మొత్తం కాగితమే పోతే వదులయ్యే జోడీ ఉండదు. పుస్తకం గట్టిగానే కనిపిస్తుంది. 14 తర్వాత 19 వస్తుంది, కథ మాత్రం దూకుతుంది. పిన్ను తుప్పుపట్టి మొదట వదిలేసేది కూడా ఈ నడిమి కాగితాన్నే. కాబట్టి పాత పుస్తకం కొనేటప్పుడు ముందు అట్ట చూడకండి, నడుమ తెరవండి.

ఒక జాగ్రత్త. కొన్ని పుస్తకాల్లో అంకెలు అట్ట లోపలి వైపు నుంచే మొదలవుతాయి, కొన్నిటిలో ప్రకటన పేజీలకు అంకె ఉండదు. అచ్చయిన అంకెను నమ్మకుండా ఆకులను చేత్తో లెక్కపెట్టి, ఆ తర్వాత ఈ సూత్రం వాడండి.

ఒక స్టాంపు ముక్క

1974లో మార్వెల్ కంపెనీ తన కామిక్స్‌లో ఉత్తరాల పేజీలో చిన్న స్టాంపు బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. కత్తిరించి ఆల్బమ్‌లో అతికించుకోమని పిల్లలకు చెప్పింది. పిల్లలు బుద్ధిగా కత్తిరించారు. అదే ఏడాది వచ్చిన 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' 181వ సంచికలో వుల్వరిన్ పూర్తి స్థాయిలో తొలిసారి కనిపించాడు. తర్వాత ఆ సంచిక చాలా ఖరీదైనదైంది. ఇప్పుడు దాన్ని కొనేవాడు మొట్టమొదట అడిగేది "స్టాంపు ఉందా?" అనే. బయటి నుంచి కొత్త పుస్తకంలా మెరిసినా, లోపల అగ్గిపెట్టెంత ముక్క లేకపోతే ధర ఘోరంగా పడిపోతుంది.

ఇట్లాంటి పుస్తకానికి సీజీసీ దగ్గర ఒక పద్ధతి ఉంది. మామూలు పుస్తకానికి నీలం లేబుల్. ఒకే పెద్ద లోపం ఉండి మిగతాదంతా బాగుంటే ఆకుపచ్చ లేబుల్ వేయొచ్చు. అంకె వేసి, ఆ లోపం ఏమిటో పక్కనే అచ్చు వేస్తారు. రంగు పూసి, ముక్క అతికించి అందంగా చేసిన పుస్తకానికి ఊదా రంగు లేబుల్. సేకరించేవాళ్లు ఊదా రంగును చూసి వెనక్కి తగ్గుతారు. ఈ రంగులు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తాయి.

మన ఇళ్లలో జరిగింది: బైండు

తెలుగు ఇళ్లలో పేజీలు పోవడానికి కారణం స్టాంపులు కాదు. ప్రేమ. చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి తెచ్చిన ఆ పత్రికను చదివినవాళ్లు పారేయలేదు. ఏడాది సంచికలు పోగుచేసి బైండు చేయించారు. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క' లాంటి సీరియళ్లనైతే ప్రతి నెలా ఆ పేజీలు మాత్రమే తీసి, అన్నీ కలిపి ఒక పుస్తకంగా కుట్టించుకున్నవాళ్లున్నారు. వారపత్రికల సీరియల్ నవలలకూ ఇదే జరిగింది.

బైండింగ్ షాపులో జరిగేది చూడండి. పిన్నులు లాగేస్తారు. అట్టలు, ప్రకటనల పేజీలు "ఎందుకులే" అని తీసేస్తారు. మడత దగ్గర కుట్లు వేస్తారు. మూడు వైపులా అంచులు సమంగా రావాలని కట్టర్‌తో కోస్తారు. పుస్తకం గట్టిగా తయారవుతుంది. మనవడి దాకా కథ చేరుతుంది. కానీ గ్రేడింగ్ కళ్లతో చూస్తే అట్టలు పోయాయి, ప్రకటనలు పోయాయి, అంచు కోత వల్ల సైజు తగ్గింది, ఒక్కోసారి బొమ్మ అంచు కూడా తెగింది.

అయితే బైండు చేయించినవాళ్లు తప్పు చేశారా? లేదు. వాళ్లు చదవడానికి దాచారు, అమ్మడానికి కాదు. విడి సంచికలుగా ఉన్నవి చెదలకూ, సిల్వర్ ఫిష్ పురుగుకూ, వడియాల పొట్లాలకూ పోయాయి. ఇప్పుడు డిజిటల్ కాపీలు తయారుచేసే సంస్థలకు ఈ బైండు పుస్తకాలు ఎంతో ఆధారం. అంటే ఒకే వస్తువుకు రెండు విలువలు. సేకరించేవాడి లెక్కలో తక్కువ, పరిశోధకుడి లెక్కలో ఎక్కువ. సేకరించేవాడికి అట్ట మీద వడ్డాది పాపయ్య బొమ్మ ఉందా లేదా అనేది ముఖ్యం. పరిశోధకుడికి ఆ నెల కథ మొత్తం ఉందా లేదా అనేది ముఖ్యం. అందుకే మంచి గ్రేడర్ "బాగుంది, బాగాలేదు" అనడు. ఏముంది, ఏం లేదు అని రాస్తాడు. ఎవరికి కావాల్సింది వాళ్లు తేల్చుకుంటారు.

దయచేసి టేప్ వేయకండి

ఊడిన అట్ట చూడగానే మన చెయ్యి సెల్లో టేప్ మీదికి పోతుంది. ఆపండి. టేప్ జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి కాగితంలోకి ఇంకుతుంది. ప్లాస్టిక్ ఎండి రాలిపోతుంది, మరక మాత్రం ఉండిపోతుంది. గ్రేడింగ్‌లో టేప్‌ను మరమ్మతు కింద కాదు, ఇంకో లోపం కింద చూస్తారు. ఫెవికాల్ ఇంకా ప్రమాదం, ఒకసారి పట్టుకుంటే వదలదు.

కాగితాన్ని కాపాడే నిపుణులు పల్చని జపనీస్ టిష్యూ కాగితం, గోధుమ పిండి నుంచి తీసిన గంజి జిగురు వాడతారు. నీటితో మళ్లీ విప్పుకోవచ్చు కాబట్టి. రేపు ఇంకొకరు విప్పగలిగేటట్టు చేయాలనేదే ఈ రంగంలో పెద్ద నియమం. మీకు ఆ శిక్షణ లేదు కాబట్టి మీ పని తేలిక. ఊడిన అట్టను పుస్తకంతోపాటే ఒక కవర్‌లో పెట్టండి. పీవీసీ కవర్లు వద్దు, పాలియెస్టర్ కవర్ అయితే మేలు. ఎండ తగలని, తేమ లేని చోట పడుకోబెట్టండి. రేకుల కప్పు కింది అటుక మాత్రం వద్దు.

ఇంతకీ ఉద్యోగం ఏది?

సూటిగా చెబుతాను. మన దగ్గర 'కామిక్ గ్రేడర్' అనే నోటిఫికేషన్ పడదు. దాని కోసం ఎదురుచూడకండి. కానీ ఒక వస్తువును చూసి, లెక్కపెట్టి, లోపాన్ని వర్గీకరించి, ఇంకొకరికి అర్థమయ్యేలా రాయడం అనే నైపుణ్యానికి చాలా తలుపులున్నాయి.

ఫ్యాక్టరీల్లో క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ చేసేవాళ్లు లోపాలను క్రిటికల్, మేజర్, మైనర్ అని మూడుగా విడదీస్తారు. పేజీ పోవడం క్రిటికల్, అట్ట ఊడడం మేజర్, మూల మడత మైనర్. పద్ధతి అదే, వస్తువు మాత్రం వేరు. వాడిన ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కొని బాగుచేసి అమ్మే కంపెనీల్లో ప్రతి పరికరాన్నీ చూసి గ్రేడ్ వేసేవాళ్లుంటారు. ఈ-కామర్స్ గోదాముల్లో వెనక్కి వచ్చిన సరుకును పరిశీలించే విభాగం ఉంటుంది. డబ్బా ఉంది, ఛార్జర్ లేదు. అది ఊడడమా, పోవడమా? వాడిన కార్లు, బీమా సర్వే, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో బగ్ రిపోర్టు రాయడం, అన్నిటా ఇదే కన్ను కావాలి.

ఇక నేరుగా పాత కాగితంతో పనిచేసే రంగం ఉంది. గ్రంథాలయాలు, ఆర్కైవ్స్, మ్యూజియాలు, డిజిటైజేషన్ ప్రాజెక్టులు. స్కానర్ కింద పెట్టే ముందు ప్రతి పుస్తకానికీ ఒక స్థితి నివేదిక రాయాలి. ఏ పేజీ లేదో స్కానింగ్‌కు ముందే నమోదు కాకపోతే, తర్వాత "మీరే పోగొట్టారు" అనే మాట వస్తుంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో కోటికి పైగా రాతప్రతుల సర్వే, నమోదు, పరిరక్షణ కోసం జ్ఞాన భారతం మిషన్‌ను ప్రకటించారు. ఇట్లాంటి పనులకు కంప్యూటర్ వచ్చినవాళ్లూ కావాలి, కాగితం తెలిసినవాళ్లూ కావాలి. రెండూ వచ్చినవాళ్లు తక్కువ.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియా నడిపే స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో ఏడాది డిప్లొమా, కాగితాల పరిరక్షణ మీద స్వల్పకాలిక కోర్సులు ఉన్నాయి. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్‌లో పీజీ చేయొచ్చు. లక్నోలోని ఎన్‌ఆర్‌ఎల్‌సీ సాంస్కృతిక సంపద పరిరక్షణకే ఉన్న జాతీయ ప్రయోగశాల. ఇన్‌టాక్ సంస్థకూ కన్జర్వేషన్ కేంద్రాలున్నాయి. ఉద్యోగం చేస్తూ చదవాలంటే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో లైబ్రరీ సైన్స్ డిగ్రీ ఉంది. అర్హతలు, తేదీలు ఏటా మారతాయి కాబట్టి సంస్థల అధికారిక వెబ్‌సైట్లే చూడండి.

కళ్లతో చూసి నేర్చుకోవడానికి ఢిల్లీ దాకా పోనవసరం లేదు. నెక్కొండలో కాజీపేట-విజయవాడ లైన్ రైలెక్కితే వరంగల్ దగ్గరే. హనుమకొండలో 1904లో పుట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది. హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. సుందరయ్య విజ్ఞాన కేంద్రం, సాలార్‌జంగ్ మ్యూజియం ఉన్నాయి. అట్లాగే ఆంధ్రప్రదేశ్‌లో 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పేరు. ముందుగా అనుమతి అడిగి, పాత పత్రికలు ఎట్లా దాస్తున్నారో చూడండి. వాలంటీరుగా కొన్ని రోజులు కేటలాగ్ పని చేస్తానంటే చాలా చోట్ల సంతోషిస్తారు.

వారం రోజుల ప్రాజెక్టు

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న 20 పాత పుస్తకాలతో మొదలుపెట్టండి.

మొదటి రోజు: చేతులు కడిగి తుడుచుకోండి. శుభ్రమైన బల్ల మీద ఒక్కో పుస్తకం పెట్టి ఆకులు లెక్కపెట్టండి. ఉండాల్సినవి ఎన్ని, ఉన్నవి ఎన్ని రాయండి.

రెండో రోజు: అట్ట, పిన్నులు, నడిమి కాగితం చూడండి. వదులైంది, ఊడింది, పోయింది అనే మూడు మాటల్లో ఒకటే వాడండి. 'పర్వాలేదు' అనే మాట నిషేధం.

మూడో రోజు: ఫొటోలు. ముందు అట్ట, వెనుక అట్ట, మడత అంచు, నడిమి పేజీ, ప్రతి లోపం. ఫోన్ టార్చిని పక్క నుంచి వాలుగా వేస్తే మడతలు, గీతలు బాగా కనిపిస్తాయి.

నాలుగో రోజు: స్ప్రెడ్‌షీట్. పేరు, నెల, సంవత్సరం, ఆకుల సంఖ్య, అట్ట స్థితి, పిన్ను తుప్పు, కాగితం రంగు, టేప్, కత్తిరింపులు, ఫొటో నంబర్ అని కాలమ్స్ పెట్టండి.

ఐదో రోజు: ఒక్కో పుస్తకానికి నాలుగైదు వాక్యాల నివేదిక. ఇదిగో ఒక నమూనా: "32 లోపలి పేజీలు ఉన్నాయి. ముందు అట్ట పై పిన్ను దగ్గర ఊడింది, కింది పిన్నుకు పట్టి ఉంది. 15-18 పేజీల కాగితం వదులుగా ఉంది, చిరుగు లేదు. 27వ పేజీలో ప్రకటన కూపన్ కత్తిరించారు. దాని వెనుక 28వ పేజీలో కథ ఒక బొమ్మ మేరకు దెబ్బతింది. రెండు పిన్నులకూ తుప్పు. టేప్ లేదు." చూశారా, ఇందులో ఎక్కడా 'బాగుంది' లేదు, అయినా పుస్తకం కళ్లముందు కనిపిస్తోంది. కూపన్ వెనుక పేజీ చూడడం చాలామంది మరిచిపోతారు. ప్రకటన పోయిందనుకుంటాం, కథ కూడా పోయి ఉంటుంది.

ఆరో రోజు: మీ నివేదికను స్నేహితుడికిచ్చి, పుస్తకం చూపించకుండా బొమ్మ గీయమనండి. ఎక్కడ తడబడ్డాడో అక్కడ మీ వాక్యం సరిగా లేదని అర్థం.

ఏడో రోజు: అన్నీ కలిపి ఒక పేజీ సారాంశం. సీఎస్ఈ వాళ్లయితే ఈ ఫొటోలతో లోపాలను గుర్తించే చిన్న ఇమేజ్ క్లాసిఫికేషన్ ప్రాజెక్టుకు పునాది పడినట్టే. లేబుల్ సరిగా లేని డేటాతో ఏ మోడలూ నేర్చుకోదు. లేబుల్ వేయడమే మీరు ఇప్పుడు నేర్చుకున్నది. ఒక్కటి గుర్తుంచుకోండి. లోపాల ఫొటోలు తీయడం వేరు, పత్రిక మొత్తాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్ నెట్‌లో పెట్టడం వేరు. రెండోదానికి కాపీరైట్ అడ్డొస్తుంది.

ఇంటర్వ్యూలో "ఇదేం ప్రాజెక్టు?" అని నవ్వితే మీరూ నవ్వి, "ఇరవై వస్తువులు, పది కాలమ్స్, ఒకే నిర్వచనం. ఇంకొకరు చేసినా ఇదే ఫలితం రావాలని పెట్టుకున్నాను సర్" అనండి. ఆ చివరి వాక్యం విన్నాక నవ్వు ఆగుతుంది.

మీ రెజ్యూమెకు ఏ రంగు లేబుల్?

ఇప్పుడు ఆ మూడు రంగులు గుర్తుచేసుకోండి. మనలో నీలం లేబుల్ వాళ్లు తక్కువే. ఒకరికి రెండు బ్యాక్‌లాగ్స్, ఒకరికి నాన్న ఆపరేషన్ వల్ల పోయిన ఏడాది, ఒకరికి గ్రూప్స్ ప్రిపరేషన్‌లో గడిచిన మూడేళ్లు. ఇవన్నీ పుస్తకంలో ఒక లోపం లాంటివి. వీటికి ఆకుపచ్చ లేబుల్ దారి ఉంది. ఏముంది, ఏం లేదు, ఎందుకు అనేది ఒక వాక్యంలో చెప్పేసి మిగతా పుస్తకాన్ని చూపించడమే. "2023లో కుటుంబ కారణాలతో ఏడాది ఆగాను, ఆ తర్వాత ఈ కోర్సు పూర్తిచేశాను" అంటే అయిపోయింది. అడిగేవాడికి ఇంకో ప్రశ్న మిగలదు.

ఊదా రంగు దారి కూడా ఉంది, అమీర్‌పేటలో దాన్ని అమ్మేవాళ్లూ ఉన్నారు. లేని కంపెనీలో రెండేళ్ల అనుభవం అంటూ తెచ్చిన సర్టిఫికెట్, వేరే పుస్తకం నుంచి తెచ్చి అతికించిన పేజీ లాంటిది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు గ్రేడర్లే. అందం చూడరు, పేజీలు లెక్కపెడతారు. పీఎఫ్ రికార్డు, జీతం జమ, తేదీలు కూడి చూస్తారు. 33 రాకపోతే దొరికిపోతారు. చేరిన ఆరు నెలలకు బయటపడినా ఉద్యోగం పోతుంది. అప్పటిదాకా మీరు నిజంగా నేర్చుకున్నదాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఊడిన పేజీని తిరిగి కూర్చుకోవచ్చు. రాయని పరీక్ష రాయొచ్చు, ఆగిన కోర్సు పూర్తిచేయొచ్చు. పోయిన పేజీని మాత్రం పోయిందనే చెప్పాలి. ఏది ఊడింది, ఏది పోయింది అనేది మీ గురించి మీకు స్పష్టంగా తెలిస్తే ఇంటర్వ్యూ సగం అయిపోయినట్టే.

ఈ ఆదివారం అటుక మీది పెట్టె దించండి. బండి ఆయన్ని పిలిచే ముందు ఒక్కో పుస్తకం నడుమ తెరిచి చూడండి. అట్ట లేకపోయినా, పేజీలు ఊడినా, వాటి మీద మీ పేరుతో ఒక మంచి నివేదిక రాయొచ్చు. కిలో లెక్కన అమ్మితే ఆ అవకాశం కూడా బండి వెంటే పోతుంది.